మగ్గం గుంట ఆచారం

మల్లేశం బండి మీద నుంచి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. సగం నేసిన చీర మగ్గం మీదే ఉండిపోయింది. శుక్రవారానికి చీర అందకపోతే ఇకమీదట నూలు ఇచ్చేది లేదని నకిరేకల్ షావుకారు కబురు పంపాడు. నూలు రాకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

పన్నెండేళ్లుగా ఆ మగ్గం పక్కనే కూర్చుని, నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టిన పెళ్లాం యాదలక్ష్మికి నేత రాదా? కొంగు బిగించి, మగ్గం కింద నేసేవాళ్లు కాళ్లు పెట్టే గుంటలోకి దిగింది. నాడె నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగిందో లేదో, వాడకట్టంతా వాకిట్లో చేరింది. అందరికంటే ముందు కులపెద్ద కాటమయ్య.

"ఆడిమనిషి గుంటల దిగుడేంది? లే!" అన్నాడు.

"ఎందుకు దిగద్దు మామా?"

"పెద్దలు పెట్టిన ఆచారం."

"ఏ పెద్దలు? పేరు చెప్పు."

కాటమయ్య తనకు తాత చెప్పాడన్నాడు. తాతకెవరు చెప్పారంటే బుర్ర గోక్కున్నాడు. చివరికి మగ్గానికి మైల అంటుతుందని తేల్చాడు. యాదలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. నూలుకు గంజి పెట్టేది ఆడది, పడుగుకు ఆసు పోసేది ఆడది, కండె చుట్టేది ఆడది. అప్పుడెక్కడికి చచ్చింది ఈ మైల?

"మైల గాదు, మన్ను గాదు!" అంటూ జనాన్ని తోసుకొచ్చింది బిక్షమ్మ. ఎనభై దాటిన మనిషి, కాటమయ్యకు స్వయానా మేనత్త. "పెండ్లయిన కొత్తల నేను నేసిన. మా అత్త నేసింది. నేత వచ్చిన ఆడోళ్లను గడీల నేయమని దొర వెట్టికి గుంజుకపోతుండె. పోయిన పిల్లలు ఎట్ల తిరిగొచ్చిండ్రో నన్నడుగకుండ్రి. గందుకే కులపోళ్లంత ఒక్కమాట మీదికొచ్చి, మా ఆడోళ్లు గుంటల దిగరు, మాకు గా ఆచారం లేదని దొరకు అబద్ధం చెప్పిండ్రు. గంతే."

దొర ఊరు విడిచి పదేళ్లు దాటింది. గడీకి తాళం పడింది. ఆయనకు చెప్పిన అబద్ధాన్ని మాత్రం మగవాళ్లు తమ పెళ్లాలకు చెప్పుకుంటూ వచ్చారు.

"నీకు గిదంత ఎరుకేనా మామా?"

కాటమయ్య తల తిప్పుకున్నాడు. యాదలక్ష్మి వదల్లేదు. మళ్లీ అడిగింది.

"ఎరుకే!" అని కసిరాడు. "ఆడోళ్లంత గుంటల దిగితె మరి కండెలెవలు చుట్టాలె?"

ఇంతసేపూ దేవుడి పేరు చెప్పినంత గంభీరంగా చెప్పిన ఆచారం ఇదా! నాడెలోని కండె మీద నూలు అయిపోయి ఉంది. యాదలక్ష్మి ఆ కండెను ఊడబెరికి కాటమయ్య ముందుకు చాచింది.

"రాట్నం గా మూలకున్నది మామా. కూసోని చుట్టు."

ఆయన కదల్లేదు. ఆమె చాచిన చెయ్యి దించలేదు.