ఇక్కడ ఆగి చూడాలి

భర్త చొక్కా ఇస్త్రీ చేస్తూ ఆమె అతని ప్రసంగాన్ని అతనికే చదివి వినిపిస్తోంది. కాలరు అయ్యేసరికి మొదటి పేరా అయింది, చేతులయ్యేసరికి రెండోది. అతను గడ్డం గీసుకుంటూ అద్దంలోంచే ఊఁ కొడుతున్నాడు. కరెంటాఫీసులో ఇంజనీరు. పెద్ద హోదా వచ్చిందని ఆ సాయంత్రం తోటివాళ్లు సన్మానం చేస్తున్నారు. ఎంత పెద్ద ట్రాన్స్‌ఫార్మరు మొరాయించినా మాట వినిపించగలడు కానీ, నలుగురిలో లేచి నిలబడితే అతనికి నోరు పిడచకట్టుకుపోతుంది. అందుకే పెళ్లయినప్పటి నుంచీ ఏ సభలోనైనా నోరు అతనిది, మాట ఆమెది.

ఆమె పనే అది మరి. కాలేజీలో పిల్లలకు వ్యాసం రాయడం, సభలో మాట్లాడడం నేర్పుతుంది. చెవి కోసం రాయండర్రా, కంటి కోసం కాదు అంటుంది. ఒక్కో వాక్యంలో ఒక్కో సంగతే ఉండాలంటుంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ తలెత్తి ఎవరిని చూడాలో కూడా కాగితం మీదే ఎర్ర సిరాతో రాసుకోమంటుంది, భయంలో మనిషి ముందు మరిచిపోయేది ఎదుటివాళ్లనే కనక. క్లాసులో ఒక పిల్ల ఉంది, అందరూ గుసగుస అని పిలుస్తారు. ఏం మాట్లాడినా "తప్పులుంటే క్షమించండి" అని మొదలుపెడుతుంది. ఇంకా తప్పే చేయలేదు కదమ్మా, అప్పుడే క్షమాపణ దేనికి అని మొన్ననే మందలించింది.

ఆ మందలించిన రోజే ప్రిన్సిపాల్ పిలిచింది. వచ్చే నెల వేరే ఊళ్లో టీచర్లకు రెండు రోజుల సదస్సు ఉందనీ, ఈ నేర్పే పద్ధతి గురించి మొదటి ఉపన్యాసం ఆమే ఇవ్వాలనీ, సోమవారం లోపల అవునో కాదో చెప్పమనీ అంది. ఆమె ఇంటికి వచ్చి, భర్త టీ తాగేదాకా ఆగి, "మీకేమీ ఇబ్బంది లేకపోతేనే అనుకోండి" అని మొదలుపెట్టింది. గుసగుస వింటే ఏమనుకునేదో. అతను కప్పు కింద పెట్టి "నీ ఇష్టం" అన్నాడు. వద్దంటే పోట్లాడవచ్చు, సరేనంటే సంతోషించవచ్చు. ఈ నీ ఇష్టాన్ని ఏం చేసుకోవాలో ఆమెకు పాలుపోలేదు. అత్తగారు మాత్రం టీవీ మీంచి చూపు తిప్పకుండానే, "ఊరూరా తిరిగి చెప్పేంత విద్య ఏముందమ్మాయ్ అందులో, మాట్లాడ్డమేగా" అన్నారు.

నిజమేనేమో అనిపించింది ఆమెకు. అసలు తనకు వెళ్లాలని ఉందా, వద్దనిపించుకోకూడదన్న పంతమా? ఎప్పుడూ హాలు చివర నిలబడి, వినబడకపోతే చెయ్యెత్తి సైగ చేయడమే కానీ, తను వేదిక ఎక్కింది ఎన్నడని? ఒడ్డున నిలబడి ఈత నేర్పేవాళ్లను ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు నీళ్లలోకి తోస్తారు. తోస్తే మునుగుతానని భయమా, తేలితే ఇక ఒడ్డున ఉండలేనని భయమా? ఆదివారం పొద్దున ప్రసంగం రాస్తున్నప్పుడూ ఇదే గొడవ బుర్రలో. ఎర్ర పెన్ను కనబడలేదు. వెతుకుదామని లేస్తే పొయ్యి మీద పాలు పొంగేలా ఉన్నాయి. చేతిలో ఉన్న నీలం పెన్నుతోనే అంతా రాసేసింది.

సభ బాగానే మొదలైంది. పూలదండ వేశారు, శాలువా కప్పారు. అతను కాగితం తీసి, తలెత్తకుండా, ఎక్కడా ఆగకుండా, బస్సు తప్పిపోతుందేమో అన్నంత తొందరగా చదివాడు. "ఈ గౌరవం నా ఒక్కడిదే కాదు ఇక్కడ ఆగి భార్య వైపు చూడాలి ఆమె లేకపోతే నేను ఇక్కడిదాకా వచ్చేవాణ్ని కాదు."

హాలు ఒక్క క్షణం బిత్తరపోయింది. తరవాత ఘొల్లున నవ్వింది. చప్పట్లు ఆగలేదు. ఆమెకు చెవులు వేడెక్కాయి. సిగ్గా, కోపమా, నవ్వా, ఏదీ తేలలేదు. అందరూ తిరిగి ఆమెను చూశారు, అతను తప్ప.

కారులో మాత్రం తిట్టాడు. పదిమందిలో పరువు తీశావు, ఆ మాత్రం చూసుకోనక్కర్లేదా అన్నాడు. తప్పు నాదే అంది ఆమె, తప్పు ఆమెదే కనక. పెన్ను మార్చకపోవడం తప్పు. కానీ ఆ మాట అసలు ఎందుకు రాసింది? పిల్లలకు రాయించే అలవాటు కొద్దీ రాసిందా, ఒక్కసారైనా చూస్తాడేమోనని రాసిందా? ఎంత ఆలోచించినా ఏది నిజమో తెలియలేదు. తెలియనందుకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే అతనికి ఫోన్లు మొదలయ్యాయి. ఎంత చమత్కారంగా మాట్లాడారు సార్ అని ఒకరు, మీలో ఇంత హాస్యం ఉందనుకోలేదని ఇంకొకరు. మొదటి ఫోనుకి అతను ఇబ్బందిగా నవ్వాడు. రెండోదానికి మామూలుగా నవ్వాడు. ఆ తరవాత ఫోనులో, "నేనే కావాలని అలా పెట్టానండీ, సభ నిద్రపోకుండా" అంటుంటే ఆమె వంటింట్లోంచి విన్నది. రాత్రి తిట్లన్నీ తన వంతు, పొద్దుటి మెప్పంతా అతని వంతు. ఇన్నాళ్లూ మంచి వాక్యాలే అతనివయ్యాయి అనుకుంది. చివరికి తన తప్పు కూడా తనకు మిగల్లేదు.

అతను హుషారుగా వంటింట్లోకి వచ్చి, వచ్చే వారం యూనియన్ మీటింగు ఉందనీ, అలాంటి జోకు ఇంకోటి పడేలా రాసిపెట్టమనీ అన్నాడు. ఆమె పొయ్యి ఆపింది. చెయ్యి తుడుచుకుని, అతని ముందే ప్రిన్సిపాల్‌కు ఫోను చేసింది. "మేడం, సదస్సుకు నేను వెళ్తున్నాను. ఏం మాట్లాడతానో ఇంకా తెలియదు. కానీ వెళ్తాను" అని పెట్టేసింది.

అతను కాసేపు ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. "మరి ఆ రెండు రోజులూ ఇల్లెలా?" అన్నాడు.

కూరలు ముందే వండి పెట్టవచ్చు. అత్తగారి మందులు పూటపూటకీ విడిగా పొట్లాలు కట్టవచ్చు. పనమ్మాయిని సాయంత్రం కూడా రమ్మనవచ్చు. జవాబంతా పొల్లుపోకుండా ఆమె నాలుక మీదికి వచ్చేసింది.

"నాకు తెలియదండీ," అంది ఆమె. "మీరు ఆలోచించండి."