పద్మప్రియ ఇష్టాలు

"మేడమ్, ఆ గారె ఇంకొక్కసారి తిప్పండి. కొంచెం నవ్వుతూ," అన్నాడు కెమెరామన్ ముస్తాక్.

పద్మప్రియ తిప్పింది. నవ్వింది కూడా. పొద్దున్నే అందరికీ టిఫిన్లు పెట్టి, గిన్నెలు తోమి, పొయ్యిగట్టు తుడుచుకున్నాక, ఛానల్ వాళ్లొస్తున్నారని అత్తగారు గారెలకి పప్పు రుబ్బించింది. ఏలూరు కేబుల్ ఛానల్లో రోజూ సాయంత్రం ఏడింటి వార్తలు చదివేది పద్మప్రియే. వార్షికోత్సవానికి "మన యాంకర్ ఇంట్లో" అని కార్యక్రమం చేస్తున్నారు. ఇంట్లో యాంకర్ ఎక్కడుండాలి? వంటింట్లో.

ఉల్లిపాయల ముందు భర్త జయంత్‌ని కూర్చోబెట్టారు. "కత్తి ఇలా పట్టుకోవాలా, అలాగా?" అని భార్యను అడిగి, కెమెరా తనవైపు తిరగ్గానే, "ఇంటిపని ఇద్దరం పంచుకుంటామండీ," అన్నాడు. సగం ఉల్లిపాయ కోసి, "చాలా?" అని ముస్తాక్‌నడిగి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. మిగతాది ఆమె కోసింది. అది ఎవరూ తీయలేదు.

"మా కోడలికి వంటంటే ప్రాణమండీ. ఈ ఉద్యోగం ఏదో సరదాకి," అంది అత్తగారు కనకరత్నం.

సరదా! ఒళ్లు కాలిపోతున్న జ్వరంతో వార్తలు చదివి ఇంటికొచ్చిన రోజు, "టీవీలో అంతసేపు నవ్వావుగా, మా దగ్గరికొచ్చేసరికే ఆ మొహమేంటే?" అన్నది ఈవిడే. జయంత్ అయితే ఆమె వార్తలు మ్యూట్‌లో పెట్టి చూస్తాడు. ఫోన్లు మాట్లాడుకోవాలిట. "నువ్వు కనిపిస్తున్నావుగా, ఇంకేం?" అంటాడు. చీర బాగుందనేవాళ్లే గానీ, ఏం చదివావని అడిగిన మనిషి ఆ ఇంట్లో లేడు.

పెదపాడు దగ్గర చేపల చెరువుకి కాపలా ఉండే తండ్రితో గట్లమీద పెరిగిన పిల్ల పద్మప్రియ. పుట్టింట్లో మొదటి డిగ్రీ ఆమెదే. సెలవు దొరికిన ఆదివారమల్లా పుట్టింటికని చెప్పి కొల్లేటి లంకలు తిరిగింది. గూడబాతులు వాలే చోట్లు చూసింది. మంచినీళ్ల బిందెలతో పడవెక్కే ఆడవాళ్లతో గంటలకొద్దీ మాట్లాడింది. వారానికోసారి కొల్లేరు మీద కార్యక్రమం చేస్తానని ఎడిటర్ అచ్యుతరావునడిగింది. "బ్రహ్మాండంగా ఉందమ్మా. కానీ పడవలూ, ఎండా... మీ ఇంట్లోవాళ్లేమంటారో చూద్దాం," అన్నాడాయన. బంగార్రాజుని రిపోర్టరుగా పెట్టుకున్నప్పుడు వాళ్లావిడనడిగాడా?

ఆ మాటే ఇవాళ షూటింగ్‌కొచ్చిన అచ్యుతరావు కెమెరా ముందు జయంత్‌నడిగాడు. ఆమె పళ్లెం పట్టుకుని పక్కనే ఉంది.

"ఊళ్లు తిరగడమా? అబ్బే! నేను వద్దననండీ. ఆవిడకే బయట తిరగడం ఇష్టం ఉండదు."

"అయితే కొల్లేరు బంగార్రాజుకిచ్చేద్దాం లెండి."

పద్మప్రియ నోరు తెరిచేలోపే, "పద్మా, సార్‌కి ఇంకో రెండు వెయ్యమ్మా," అంది కనకరత్నం. అందరూ గారెలు బాగున్నాయన్నారు.

ఆ ఛానల్లో వార్తలు తప్ప మిగతావాటికి బొమ్మలు ముందు తీసి, గొంతు తర్వాత కలుపుతారు. గేదెల సంతయినా, నగల షాపు ప్రారంభమైనా గొంతు పద్మప్రియదే. తన సంగతికీ తనే. మధ్యాహ్నం స్టూడియోలో అచ్యుతరావు రాసిచ్చిన కాగితం చూసింది. "భర్త ప్రోత్సాహంతో ఎదిగిన ఈ వంటింటి రాణికి వంటలు, ముగ్గులు ఇష్టం. బయట తిరగడం బొత్తిగా నచ్చదు."

మళ్లీ చదివింది. ఏడుపు రాలేదు. తన ఎదురుగానే అబద్ధమాడిన జయంత్ మీద కోపం. దాన్ని అందంగా రాసిన ఈ పెద్దమనిషి మీద కోపం. ఇన్నేళ్లూ ఎవరేం రాసిచ్చినా ఒక్క అక్షరం తడబడకుండా చదివిన తన గొంతు మీద అన్నిటికంటే ఎక్కువ కోపం. రేపు ఈ అబద్ధం ఊరంతా తన నోటితోనే వింటుంది. ఇక కొల్లేరు తనకెవరిస్తారు?

కాగితం బోర్లించి మైకు దగ్గరికి జరిగింది.

"నేను పద్మప్రియని. మీరు చూస్తున్న వంట కెమెరా కోసం చేసింది. నాకు బయట తిరగడం ఇష్టం. కొల్లేరంటే ఇష్టం. ఆ కార్యక్రమం నాది. వద్దని నేనెప్పుడూ అనలేదు. నన్నెవరూ అడగలేదు."

అచ్యుతరావు తలుపు తోసుకుని వచ్చాడు. "ఏంటమ్మా ఇది? మీవారి పరువేం కావాలి? ఇది నేను వెయ్యను. తీసేస్తున్నాను!"

"తీసేయండి సార్," అంది పద్మప్రియ. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. "ఏడింటి వార్తలు లైవే కదండీ. అక్కడ చెప్తాను."