ఆయనకు సరిపోయిన టబ్బు

అమెరికాలోని మా డలూత్ ఊళ్లో స్నానాల టబ్బు కొనాలంటే, మంచు బూట్లు విప్పేసి కొట్లోనే అందులో పడుకుని చూస్తాం. మా ఆయన వెర్లిన్ తాటిచెట్టంత మనిషి. పొట్టి టబ్బులో మోకాళ్లు గడ్డానికి తగిలాయి. ఆయనకు సరిపోయిన పొడుగు టబ్బులో నేను పడుకుంటే, కాళ్లకు ఏమీ ఆనక సర్రున కిందికి జారిపోయాను.

"నన్ను ముంచేద్దామనా?" అన్నాను.

"పెళ్లప్పుడే చెప్పాను, కాస్త పెరగవే అని!"

ఒళ్లు మండింది. ఆయన్ని ఆ పొడుగు టబ్బులోకే రమ్మని, ఎదురుగా కూర్చోబెట్టి, పాదాలు రెండూ ఆయన పొట్టకు ఆనించాను. మెత్తగా, వెచ్చగా ఉంది. ఇక జారలేదు.

కొట్లో అమ్మాయి నవ్వాపుకుంటూ వచ్చింది. "కాళ్లు ఆనించుకోవడానికి పీట అమ్ముతాం, ఇమ్మంటారా అమ్మా?"

"వద్దు తల్లీ, ఇంటినుంచే తెచ్చుకున్నాను."