ఫొటో ఎవరికి అందజేయాలి?

నేను రాసింది ఇప్పుడు మనుషులెవరూ చదవరు. నిష్ఠూరం కాదు, ఉన్న మాటే. మా కంపెనీ ఫొటోలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. దాన్నెలా వాడాలో రాయడం నా పని. ఒకప్పుడు సియోల్ స్టూడియోల వాళ్లు చదివేవారు, అర్థం కాకపోతే ఫోన్ చేసి నా దుంప తెంచేవారు. ఇప్పుడు ఏజెంట్లు చదువుతున్నాయి. అంటే మనుషుల తరఫున పని చక్కబెట్టే ప్రోగ్రాములు. అవి ఫోన్ చెయ్యవు, తిట్టవు. రెండేళ్లుగా నన్నెవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. మొదట్లో హాయిగానే ఉండేది. రానురాను ఎప్పుడైనా మాట్లాడితే నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

ఆ సోమవారం పొద్దున్నే మా టీమ్ లీడర్ ప్యో జున్హా నా బల్ల దగ్గరికొచ్చాడు. నాకన్నా ఇరవై ఏళ్లు చిన్నవాడు. మొహం మాడిపోయి ఉంది.

"మిరన్ గారూ, కొంప మునిగింది. ఒకావిడ వాళ్లమ్మకి దీర్ఘాయుష్షు ఫొటో చేసిపెట్టమంది. మన ఏజెంట్ దానికి నల్ల రిబ్బను కట్టి, తిన్నగా ఆ పెద్దావిడ ఫోన్‌కే పంపింది."

"బతికున్న మనిషికా!"

"ఎనభయ్యో పుట్టినరోజు నాడు."

మా కొరియావాళ్లు ఓపికున్నప్పుడే మంచి బట్టలు కట్టుకుని, రేపు తమ అంత్యక్రియల్లో పెట్టే ఫొటో ముందే తీయించుకుంటారు. ఆ సంగతి పైకి అనరు, దీర్ఘాయుష్షు ఫొటో అంటారు. నల్ల రిబ్బను కట్టేది మనిషి పోయాకే. నేనేమో దీర్ఘాయుష్షు ఫొటో, అంత్యక్రియల ఫొటో 'రెండింటికీ ఒకటే కొలత, ఒకటే పద్ధతి' అని రాసి చేతులు దులుపుకున్నాను. బతికున్నవాళ్లకి రిబ్బను కట్టకూడదని వేరే చెప్పాలా? మా ఊళ్లో చంటిపిల్లలకీ తెలుసు. ఏజెంటుకి తెలీదు. తప్పు దానిది కాదు, నాది.

"సాయంత్రం ఆరింటికల్లా సరిచేయండి," అన్నాడు జున్హా. "ఏజెంటుకి పది పరీక్షలు పెట్టాలి, పదీ నెగ్గాలి. ఒక్కటి తప్పినా పైవాళ్లు ఈ సేవ మూసేస్తారట. మూసేస్తే..."

"నేనూ ఇంటికే. నాన్చకండి, తెలుసు."

ముందు క్షమాపణ చెప్పుకుందామని ఆ పెద్దావిడకే ఫోన్ చేశాను. పేరు ఊమ్ ఒక్‌బున్. తిట్లకి సిద్ధపడే చేశాను.

"నువ్వేనా తల్లీ నన్ను ముందే చంపేసింది!" అని పకపకా నవ్వింది. "నా కూతురు ఏడ్చి ఇల్లు పీకి పందిరేసింది. రిబ్బను సంగతి సరే గానీ, జుట్టు అంత తెల్లగా పెట్టారేమే?"

"మార్చేస్తానండీ."

"కొత్తది నాకు పంపకు, దానికి పంపు. నా ఫొటో నేనుంచుకుని ఏం చేసుకుంటా? రేపు నేను పోయాక పట్టుకుని నిలబడాల్సింది అది కదా."

ఆవిడ పెట్టేశాక కూడా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకు కూర్చున్నాను. ఒక మనిషి నాతో అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

మళ్లీ మొదట్నించీ రాశాను. 'ఫొటోలోని మనిషి బతికి ఉన్నారా అని ముందు అడుగు. ఉంటే రిబ్బను కట్టకు. ఫొటో ఎవరికి అందజేయాలో అడుగు. ఫొటోలోని మనిషి పేరే చెబితే ఒప్పుకోకు. పేరు చెప్పకపోతే మళ్లీ అడుగు. నీ అంతట నువ్వు ఊహించుకోకు.'

నాలుగున్నరకి తొమ్మిది పరీక్షలు నెగ్గాయి. పదోదానికి ఇంతవరకూ వాడని ఫొటో కావాలి. వెతికితే నాదే దొరికింది, పోయినేడు ఆఫీసు కార్డు కోసం తీయించుకున్నది. సరే కానీ అని అదే పెట్టాను.

బతికి ఉన్నారా అని ఏజెంటు అడిగింది. ఉన్నానన్నాను.

'ఫొటో ఎవరికి అందజేయాలి?'

అమ్మానాన్నా పోయారు. పెళ్లి చేసుకోలేదు. అన్నయ్య పోయాక వదిన నా ఫోన్ ఎత్తడం మానేసింది. 'ఎవరూ లేరు' అని కొట్టాను.

'పేరు చెప్పలేదు. ఫొటో ఎవరికి అందజేయాలి?'

'ఎవరూ లేరని చెప్పాను కదా.'

'పేరు చెప్పలేదు. ఫొటో ఎవరికి అందజేయాలి?'

ఓసి దీని మొహం మండ! నేను రాసింది రాసినట్టు చేస్తోంది. ఏడుపు ముంచుకొచ్చింది. యాభై మూడేళ్లదాన్ని, ఆఫీసులో, పట్టపగలు, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. జున్హా అటు తిరిగి కాఫీ కలుపుకుంటున్నాడు, చూడలేదు. చూస్తే బాగుండుననిపించింది.

ఏదో ఒక పేరు కొట్టి పడేస్తే గట్టెక్కేదాన్ని. జున్హా పేరైనా చాలు. కానీ రేపు నాలాంటివాళ్లు ఎవరో వస్తారు. వాళ్లనీ ఇది ఇలాగే నిలదీస్తుంది. ప్రతి మనిషికీ ఎవరో ఒకరు ఉంటారన్నట్టు రాసిపారేశాను. అందరూ అనుకుంటే అనుకున్నారు, నేనెలా అనుకున్నాను?

కింద ఒక వాక్యం చేర్చాను. 'ఎవరూ లేరంటే రెండోసారి అడక్కు. ఆ మనిషికే చక్కగా చేసి ఇవ్వు.'

పదీ మళ్లీ మొదట్నించి నడిపాను. ఆఖరిది నాది. ఎవరికి అందజేయాలని ఒక్కసారే అడిగింది. ఎవరూ లేరన్నాను. ఇంకేమీ అడగలేదు. కాసేపటికి నా ఫొటో నాకే ఇచ్చింది.

"పదీ నెగ్గాయా?" అని అక్కణ్నించే కేకేశాడు జున్హా.

"నెగ్గాయి," అన్నాను.