తొమ్మిదో రాయి

మీనాక్షి నర్సుగా జమ్మలమడుగు వచ్చి నెల కూడా కాలేదు. ఆ పొద్దున పరుపులు కుట్టే చాంద్ బాషా సైకిలు తొక్కుకుంటూ ఆసుపత్రికి వచ్చాడు. భార్య జైనబ్‌కు తొలికాన్పు నొప్పులు మొదలయ్యాయట.

"ప్రొద్దుటూరు బస్సెక్కి తొమ్మిదో రాయి కాడ దిగమ్మా. నేను ముందే పోయి ఆడ నిలబడుంటా," అని చెప్పి వెళ్లిపోయాడు.

మీనాక్షి కిటికీ పక్కన కూర్చుని రోడ్డు పక్క రాళ్లే చూస్తూ పోయింది. తొమ్మిది అంకె కనబడగానే ఆపమంది. కండక్టరు "ఈడేముందమ్మా?" అంటూనే ఈల వేశాడు.

బస్సు పోయాక చూస్తే చుట్టూ జొన్నచేలు, మనిషి అలికిడి లేదు. రాయి మీద అంకె కింద 'కి.మీ.' అని ఉంది. అప్పుడు తట్టింది ఆమెకు. రోడ్డువాళ్లు కొత్త రాళ్లు నాటారు గాని పాత మైలురాళ్లు ఇంకా పీకలేదు. అతను చెప్పింది పాత రాయి. అక్కడికి ఇంకా అయిదారు కిలోమీటర్లుంటుంది. తను చేరేదాకా కాన్పు ఆగుతుందా అని దిగులుపడుతూ, సంచి భుజానికి తగిలించుకుని నడక మొదలుపెట్టింది.

చాలాదూరం నడిచాక చాంద్ బాషా చెమటలు కక్కుతూ ఎదురొచ్చాడు.

"తెల్లచీర అమ్మ వెనకాలే దిగిపాయ అన్నాడు కండక్టరు. ఈడ యాల దిగినావమ్మా?"

"తొమ్మిదో రాయే కదా నువ్వు చెప్పింది?"

"అది కొత్త రాయి. దాన్ని ఎవురు చూస్తాండారు?" అని వెనక సీటు దులిపాడు. "ఎక్కు."

మీనాక్షి ఎన్నడూ సైకిలెక్కి ఎరగదు. గుంట వచ్చినప్పుడల్లా నిదానమంటే, "నిదానంగా పోతే బిడ్డే మనకు ఎదురొస్తాది," అని ఇంకా జోరుగా తొక్కాడు.

బిడ్డ మాత్రం తొందరపడలేదు. మధ్యాహ్నం దాటాక ఆడపిల్ల పుట్టింది, గట్టిగా ఏడ్చింది. మీనాక్షి తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, పాపను గుడ్డలో చుట్టి, సంచిలోని కొత్త తూకం కొక్కేనికి తగిలించింది.

"మూడు," అంది.

చాంద్ బాషా తల్లి ఖాతూన్‌బీ మొహం వాడిపోయింది. "మూడేనా? పక్కింటి పిల్లోడు ఆరుండె. మా కోడలు సరిగా తినకపాయ."

"అవి పౌన్లమ్మా. ఇవి కిలోలు."

"అయితే పౌన్లలోనే చెప్పు."

మీనాక్షి మనసులో లెక్క కట్టింది. "ఆరున్నర దాటింది."

ఖాతూన్‌బీ ఇంకోసారి చెప్పించుకుని, పక్కింటి గోడ వైపు గబగబా నడిచింది.

మంచం మీంచి జైనబ్ నీరసంగా పిలిచింది. "అత్తా, ఒక అర పౌను తగ్గించి చెప్పు. దిష్టి తగులుతాది."