సోమవారపు మాత్ర

తమ కుక్క గాళి పరుగెత్తితే దాని నీడ వెనకబడిపోయి, మధ్యాహ్నం దాటాక ఒంటరిగా ఇల్లు చేరేదని గురుసిద్దప్ప చెప్పేవాడు. ముధోల్ చుట్టుపక్కల వేటకుక్క ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇంతటి అబద్ధం ఒకటి ఉంటుంది గనక ఎవరూ కాదనేవారు కారు.

అలాంటి కుక్క నిరుడు గుమ్మడికాయలా ఉబ్బింది. తోక బోడిదైంది. ఎండలో పడుకుంటే నీడలోకి జరగడానికి కూడా బద్ధకమే. తాలూకా పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ సుజాత రక్తం తీయించి, థైరాయిడ్ తగ్గిందని తేల్చి, రోజుకో మాత్ర రాసింది. గురుసిద్దప్ప భార్య నీలవ్వ మూడు నెలలు వేసేసరికి తోకకు వెంట్రుకలొచ్చాయి, నడుము సన్నబడింది.

కుక్క బాగుపడింది గాని కాగితం బాగుపడలేదు. పరీక్షలో థైరాయిడ్ ఇంకా తక్కువేనని వచ్చింది. డాక్టరమ్మ మాత్ర బలం పెంచింది. మళ్లీ పరీక్ష చేస్తే మళ్లీ తక్కువే. ఈలోగా గాళికి కుదురు పోయింది. ఊరికే రొప్పుతోంది, కుండెడు నీళ్లు తాగుతోంది, ఎంత తిన్నా చిక్కిపోతోంది. చెయ్యి పెట్టి చూస్తే గుండె దడదడమంటోంది.

ఆ సోమవారం పొద్దున డాక్టరమ్మ కొత్త కాగితం చూసి, "ఇంకాస్త పెంచాలి అవ్వా" అంది.

"పెంచను" అంది నీలవ్వ.

"అంకె ఇంత తక్కువుంటే ఎట్లా?"

"అయితే ఆ అంకెకే పెట్టు మాత్ర. నా కుక్క గుండె పగిలి చస్తే నీ కాగితం వచ్చి మొరుగుతుందా మా వాకిట్లో?"

డాక్టరమ్మకూ విసుగొచ్చింది. "మీరు సరిగ్గా వేస్తున్నట్టు లేదు."

"అయ్యో, అనేసిందే!" అన్నాడు గురుసిద్దప్ప. "డాక్టరమ్మా, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకో తల్లీ."

నీలవ్వ కొంగుముడి విప్పి మాత్రల డబ్బా తీసి బల్లమీద ఠక్కున పెట్టింది. "నెలకు ముప్పై ఇచ్చావు. ఇవాళ్టికి నెల. ఒక్క రోజు తప్పితే నా పేరు మార్చు."

డాక్టరమ్మ మూత తీసింది. "అయిదు మిగిలాయేం?"

"అవి సోమవారాలవి."

"అంటే?"

"సోమవారం బసవన్న రోజు గదమ్మా. ఎద్దు మెడ మీద కాడి పెట్టం. మా ఇంట్లో ఎవరం ముద్ద ముట్టం, మందూ ముట్టం. మా అత్త కాలం నుంచీ అంతే. గాళీ మాతో పాటే."

"మరి ఒక్క రోజూ తప్పలేదన్నారు?"

"సోమవారం లెక్కలోకి ఎట్లా వస్తుంది!"

డాక్టరమ్మ నెత్తి కొట్టుకుంది. తరవాత మూడు కాగితాలూ పక్కపక్కన పరిచింది. పరీక్షకు రక్తం పట్టుకెళ్లే బండి వచ్చేది సోమవారాల్లోనే. మూడుసార్లూ మాత్ర పడని రోజునే రక్తం తీశారన్నమాట.

"ఇదిగో ఈ రెండో అంకె చూడండవ్వా. ఒంట్లో థైరాయిడ్ చాలకపోతే మెదడు తొందరపెడుతుంది, అప్పుడిది పెరగాలి. పెరగలేదు. ఒక్క రోజు మాత్ర మానితే పైది పడిపోతుంది. ఇది అంత త్వరగా కదలదు. రెండూ చెరో మాట చెబుతుంటే నేను పైదాన్నే నమ్మాను."

"కుక్కను చూసుంటే మూడోదాని మాట కూడా వినపడేది" అంది నీలవ్వ.

డాక్టరమ్మ గాళి ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసింది. "మాత్ర ఎక్కువైందనే నాకూ అనిపిస్తోంది. కానీ తేలాలి. ఇప్పుడే ఒకటి వేయండి. బండి సాయంత్రానికి గాని కదలదు. నాలుగు గంటలాగి రక్తం తీద్దాం."

"ఇప్పుడా? సోమవారమా?"

"సోమవారమే."

నీలవ్వ అరచేతిలో మాత్ర పెట్టుకుని నిలబడిపోయింది. గురుసిద్దప్ప నవ్వు మానేశాడు. "నలభై ఏళ్ల నోమే, నీలీ" అన్నాడు మెల్లగా. గాళి నాలుక వేలాడేసి రొప్పుతూ ఆమె కాళ్ల చుట్టూ తిరుగుతోంది.

"బసవన్న ఎద్దుకు కాడి దించమన్నాడు. నీళ్లు మానిపించమన్నాడా?" అంది నీలవ్వ. "దీనికిది నీళ్ల లాంటిదే. తప్పయితే నన్నే అడగమను ఆయన్ని."

గాళి నోరు తెరిపించి మాత్ర లోపల వేసింది.

గురువారం డాక్టరమ్మే ఫోన్ చేసింది. థైరాయిడ్ ఉండాల్సిన దానికి రెండింతలుంది. "మొదటి చిన్న మాత్రే వేయండవ్వా. మీరు పెంచనన్నది మంచిదైంది."

"మరి సరిగ్గా వేయడం లేదన్నావే?"

"అది తప్పే. కానీ సోమవారం కూడా వేయాలి."

"వేస్తాలే" అంది నీలవ్వ.

మాట ఊరంతా పాకింది. మరుసటి సోమవారం తెల్లారేసరికి తోడికోడలు ఈరవ్వ గడపలో నిలబడి, "కుక్క నోము చెడగొట్టావటగా అక్కా? అత్తే ఉంటే ఏమనేది?" అంది.

"నోము పట్టింది నేను. పొద్దుగూకేదాకా పచ్చి నీళ్లు ముట్టను, కావాలంటే కూర్చుని కాపలా కాయి. దాని నోము సంగతి దాన్నే అడుగు."

"మొరగడం తప్ప అదేం చెబుతుంది!"

"మరయితే నీకెవరు చెప్పారు అది నోము పట్టిందని?"

నీలవ్వ గాళి నోట్లో మాత్ర వేసి, దవడలు మూసి పట్టుకుని, అది గొంతు దిగేదాకా మెడ నిమిరింది.

"చూశావుగా ఈరీ. వెళ్లి అందరికీ చెప్పు, వచ్చే సోమవారమూ వేస్తాను."