నిద్ర నీళ్ళు

హెంగారి అనే ఆ ఇంజనీరుని చూసిన మొదటిరోజే నాకు నచ్చలేదు. ఊరంతా నీళ్ళకి కటకటలాడుతుంటే ఆయనొచ్చి లొకేషన్ అని పిలిచే మా పాత పేటలో ఇళ్ళ ముందు ఇసుక తవ్వించాడు. పాతిపెట్టిన పైపులు ముక్కలుగా కోయించి, లోపల ఆరిపోకుండా తడిగుడ్డలు చుట్టించి, చంటిపిల్లల్ని పడుకోబెట్టినట్టు బండిలో పడుకోబెట్టి తీసుకుపోయాడు. తుప్పు పైపుకి అంత మర్యాద చేసేవాణ్ణి నమ్మడం ఎలాగ?

నాకు అనుమానం ఎక్కువంటారు. నిజమే. మా అమ్మావాళ్ళని ఒకసారి ఇలాగే కొలతలు కొలిచి, గోడలకి సున్నంతో అంకెలు వేసి, మంచిమాటలు చెప్పి ఉన్న చోటునుంచి లేపేశారు. సముద్రం పక్కన ఈ ఇసుకలో మళ్ళీ బతుకు మొదలుపెట్టాం. అలాంటి ఇంట్లో పుట్టినదానికి, టేపు పట్టుకుని ఎవడొచ్చినా ముందు గోడల వంకే చూపు పోతుంది.

సంగతేమిటంటే, ఎండిపోయిన ఏటి ఇసుకలోని బోర్లు మా ఊరికి ఇన్నాళ్ళూ నీళ్ళిచ్చాయి. ఉప్పగా, బరువుగా ఉండే నీళ్ళు. అవీ అడుగంటాయి. ఊరి బయట గనివాళ్ళ కార్ఖానాలో సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసేస్తున్నారు కదా, ఆ నీళ్ళు కొని పాతవాటిలో కలిపి ఊరికి వదలాలని మునిసిపాలిటీ అనుకుంది. ముందు ఒక్క మా వీధికి వదిలారు, ఎలా ఉంటాయో చూద్దామని.

"కొత్త నీళ్ళు ఆకలి మీదుంటాయి మేమే హిల్యా," అన్నాడు హెంగారి. పెద్ద ఆడవాళ్ళని మా భాషలో 'మేమే', అంటే అమ్మా, అనడం అతనికి వచ్చు, అది ఒప్పుకోవాలి. "పాత నీళ్ళు పైపు లోపల పెచ్చు కట్టాయి. ఈ నీళ్ళు ఆ పెచ్చుని తింటాయి. పెచ్చు అయిపోతే పైపుని తింటాయి. మీ వీధిలో ఎప్పుడో తెల్లదొరల కంపెనీ వేసిన సీసం పైపులున్నాయి. సీసం నీళ్ళలోకి దిగితే పెద్దవాళ్ళ మాటెలా ఉన్నా, పసిపిల్లలకి మెదడు మీద పడుతుంది."

మా ఇంట్లో ఇయాలో అనే పసిపిల్ల ఉంది. నా కూతురు తైమి కూతురు, అప్పటికి ఇంకా కూర్చోవడం కూడా రాలేదు. తైమి చేపల ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టుకి పోతుంది కాబట్టి పిల్లకి డబ్బాపాలే గతి. డబ్బాపాలంటే పొడి ఒక చెంచా, మిగతా అంతా నీళ్ళే.

అందుకే వీధిలో సీసాలు పోగుచేసే పని ఇస్తామంటే ఒప్పుకున్నాను. పొద్దున్నే ఫ్యాక్టరీ గేటు దగ్గర నూనెలో వేయించిన కొవ్వు రొట్టెలు అమ్ముకుని, వచ్చేదారిలో గడప గడపకీ వెళ్ళి నింపి ఉంచిన సీసాలు తెచ్చి అతని షెడ్డులో పెట్టేదాన్ని. నా మనవరాలు తాగే నీళ్ళని ఎవడు పరీక్ష చేస్తున్నాడో, ఎలా చేస్తున్నాడో నా కళ్ళతో చూడాలిగా.

మొదట్లోనే వీధిలో ఆడవాళ్ళందర్నీ చర్చి ముందు కూర్చోబెట్టి అతను చెప్పాడు. "రాత్రి పడుకోబోయే ముందు పంపు కట్టెయ్యండి. పొద్దున లేవగానే, ఇంకేమీ వాడకముందే, మొదట వచ్చిన నీళ్ళే సీసాలో పట్టండి. రాత్రంతా పైపులో నిద్రపోయిన నీళ్ళే నాకు కావాలి. బాగోలేకపోయినా పర్వాలేదు."

అందరూ తలలూపారు. ముసలి లోయిడె అయితే చప్పట్లు కూడా కొట్టింది.

షెడ్డులో మా పైపు ముక్కలన్నీ వరసగా బిగించాడు. కొత్త నీళ్ళు వాటిలో తిరుగుతాయి, ఆగుతాయి, రాత్రంతా నిలుస్తాయి, మళ్ళీ తిరుగుతాయి. ఇంట్లో పంపు ఎలా నడుస్తుందో అచ్చం అలాగేనట. మొదట్లో అంతా బాగానే ఉందన్నాడు. తర్వాత అతని ముఖం మారింది. ఒకరోజు నేను సీసాలు దించుతుంటే వచ్చి నిలబడ్డాడు.

"మేమే, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఈ సీసాలు ఏ ఇంటివి ఆ ఇంట్లోనే పట్టినవేనా?"

"అంటే?"

"అంటే... షెడ్డు పైపుల్లో సీసం పెరుగుతోంది. మీ ఇళ్ళ సీసాల్లో అసలు లేదు. అవే పైపులు, అవే నీళ్ళు. ఇలా ఉండకూడదు."

నాకు ఒళ్ళు మండింది. "నేను ఒక్క పంపు దగ్గర కూర్చుని అన్నీ నింపేస్తున్నానంటావా? అంత తీరిక నీకుందేమో గానీ నాకు లేదు. నీ షెడ్డులోనే ఏదో మతలబుంది చూసుకో!"

"నేను అలా అనలేదు..."

"అననక్కర్లేదులే. ఆవుల్ని లెక్కపెట్టుకునే చోటునుంచి వచ్చావు, మనుషుల్ని కూడా అలాగే చూస్తావు."

ఆవుల మందలే ఆస్తిగా ఉన్న అతని హెరేరో తెగవాళ్ళని ఆవులతో దెప్పడం మాకు మామూలే. అతను నవ్వలేదు. నాకు మాత్రం అప్పుడే అంతా అర్థమైపోయినట్టనిపించింది. ఇళ్ళ పైపులు చెడ్డవని తేలితే ఏమవుతుంది? వీధంతా తవ్వాలి. తవ్వాలంటే మమ్మల్ని లేపాలి. లేపిన వీధి సముద్రానికి ఎదురుగా ఉంది. అక్కడ హోటలు కట్టాలని ఎవరికి ఉండదు? మా సీసాలు బాగున్నాయి కాబట్టి ఇతను షెడ్డులో పైపుల్ని పాడుచేస్తున్నాడు. లోయిడెతో ఈ మాటంటే ముక్కున వేలేసుకుంది.

మునిసిపాలిటీవాళ్ళకేమో తొందర. ఇళ్ళలో నీళ్ళు బాగుంటే షెడ్డులో ఎలా ఉంటే మనకేం అన్నారు. వచ్చే సోమవారం ఊరంతటికీ వాల్వు తిప్పేస్తామన్నారు. హెంగారి ఒక్కడే ఆగమంటున్నాడు. అతను ఆగమన్నకొద్దీ నా అనుమానం పెరిగింది.

శనివారం మధ్యాహ్నం షెడ్డు తలుపు ఓరగా తీసి ఉంటే చప్పుడు కాకుండా తొంగిచూశాను. హెంగారి ఒంటరిగా ఉన్నాడు. బస్తాలోంచి తెల్లటి పొడి తీసి బకెట్‌లో కలిపి తొట్టెలో పోస్తున్నాడు.

"దొరికావురా!" అని అరిచాను. చేతిలో రొట్టెల బుట్ట ఉంది కాబట్టి సరిపోయింది, కర్ర ఉంటే వేసేసేదాన్ని. "అందుకా సీసం పెరిగింది? నువ్వు పోస్తుంటే పెరగదూ?"

అతను ఉలిక్కిపడి బకెట్ సగం కాళ్ళ మీద ఒలకబోసుకున్నాడు. తర్వాత వంగి ఆ పొడి చిటికెడు తీసి నా చేతిలో పెట్టాడు.

"సున్నం మేమే. గోడలకి వేసే సున్నమే. ఇది కలిపితే ఆ నీళ్ళ ఆకలి తీరుతుంది, పైపుని వదిలేస్తాయి. పనిచేస్తుందో లేదో ఈ చివరి పైపులో చూస్తున్నాను. విషం కాదు, మందు."

వాసన చూశాను. సున్నమే. అయినా నేను తగ్గలేదు. "మందు దేనికి, జబ్బే లేకపోతే?"

"అదే నాకూ అర్థం కావడంలేదు," అన్నాడు. బకెట్ బోర్లించి దాని మీద కూలబడ్డాడు. "మీరు నన్ను నమ్మరు. నిజం చెప్పాలంటే నేనూ మిమ్మల్ని నమ్మడంలేదు. రేపు పొద్దున ఇద్దరం కలిసి ఎవరింటికైనా వెళదాం. సీసా ఎలా నింపుతారో పక్కనే ఉండి చూద్దాం. ఇల్లు మీరే చెప్పండి."

లోయిడె ఇల్లు చెప్పాను. చర్చి మెట్లు కడిగే మనిషి, అబద్ధం ఆడదు.

తెల్లారేసరికి పొగమంచు ఇంకా వీధిలోనే ఉంది. మేం వెళ్ళేసరికి లోయిడె తలకి గుడ్డ కట్టుకుని మాకోసం చూస్తోంది. ఇంజనీరు వస్తున్నాడని గచ్చు కడిగింది.

"పంపు రాత్రినుంచి కట్టే ఉంది కదా అమ్మా?" అన్నాడు హెంగారి.

"కట్టే ఉంది బాబూ. గొంతు ఎండినా తిప్పలేదు."

హెంగారి నావంక చూశాడు. నేను అతనివంక చూశాను. లోయిడె పొయ్యిమీంచి కెటిలు తీసుకొచ్చి పంపు కింద పెట్టి తిప్పింది. కెటిలు నిండింది. దాన్ని పక్కన పెట్టి బకెట్ పెట్టింది. వేలు ధారలో పెట్టి చూసింది. నీళ్ళు చల్లబడ్డాయని తృప్తి పడ్డాక సీసా రెండుసార్లు తొలిచి, నింపి, మూత బిగించి, గౌను అంచుతో తుడిచి, మోకాలు కాస్త వంచి రెండు చేతులతో అతనికి అందించింది.

హెంగారి సీసా తీసుకోలేదు. "అమ్మా, ఆ మొదటి నీళ్ళు..."

"కెటిల్లో పట్టాగా. ఒక్క చుక్క పారబొయ్యలేదు. ఈ ఇసుకలో నీళ్ళు పారబోసే ఆడది ఉంటుందా?"

"అవే నాకు కావాలి! నిద్రపోయిన నీళ్ళే కావాలని చర్చి దగ్గర చెప్పాను కదా!"

"చెప్పావు నాయనా, విన్నాం." లోయిడె అతని తెలివితక్కువతనానికి జాలిపడ్డట్టు చూసింది. "ఇంటికొచ్చినవాళ్ళు 'ఏదున్నా పర్వాలేదు, శ్రమపడకండి' అనే అంటారు. అది వాళ్ళ మర్యాద. అన్నారు కదా అని అడుగంటిన సంకటి పెడతామా? నిద్ర నీళ్ళు పరాయివాళ్ళకి ఎవరిస్తారు? అందులోనూ మునిసిపాలిటీకి! మా వీధి పరువేం కావాలి?"

"అందరూ ఇలాగే పడుతున్నారా?"

"మరి? మేమేం పద్ధతి తెలియనివాళ్ళమా?"

అతను ముందు నెత్తి పట్టుకున్నాడు, తర్వాత నవ్వాడు. మొదటిసారి నవ్వడం చూశాను, పళ్ళు బాగున్నాయి. నాకూ నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ నేను అతన్నీ అతను నన్నూ దొంగల్లా చూసుకుంటూ ఉంటే, దొంగ మా మర్యాద! నేను కూడా అలాగే పెరిగాను. అతిథికి పారే నీళ్ళు, నిద్ర నీళ్ళు కెటిల్లోకి. కాగితే నిద్ర వదులుతుందని మా అమ్మ అనేది.

"కూర్చోండి, టీ పెడతాను," అంటూ లోయిడె ఆ కెటిలు పొయ్యిమీద పెట్టింది.

నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

పొద్దున్నే నేను రొట్టెలతో గేటు దగ్గర ఉంటాను. ఆ వేళప్పుడు తైమి లేస్తుంది. పంపు తిప్పుతుంది. మొదటి నీళ్ళు కెటిల్లో పడుతుంది. నీళ్ళు చల్లబడ్డాక సీసా నింపి, నాకోసం గడప పక్కన పెడుతుంది. మరిగిన కెటిలు దించి, ఇయాలోకి పాలు కలుపుతుంది.

నేను ఎలా పరిగెత్తానో నాకే తెలియదు. చెప్పు ఒకటి దారిలో ఊడిపోయింది. ఆదివారం కాబట్టి ఇంట్లోనే ఉన్న తైమి పిల్లని ఒళ్ళో పెట్టుకుని పాలు పడుతోంది. ఆ పాలసీసా లాక్కున్నాను. ఇయాలో ఒక్క క్షణం ఆశ్చర్యంగా చూసి కెవ్వుమంది.

"అమ్మా! నీకేమైనా పిచ్చా?"

"ఈ నీళ్ళు ఎక్కడివి?"

"కెటిల్లోవి. మరిగించే పట్టాను!"

వెనకే వచ్చిన హెంగారి గడపలోనే ఆగిపోయాడు. "మరిగిస్తే సీసం పోదమ్మా," అన్నాడు నెమ్మదిగా. "నీళ్ళు ఇగురుతాయి, సీసం మిగులుతుంది."

తైమి ఆ మాట విని నావంక చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. మునిసిపాలిటీకి మంచినీళ్ళిచ్చి బిడ్డకి ఏమిచ్చిందో దానికి అప్పుడు అర్థమైంది.

కెటిల్లో మిగిలిన నీళ్ళే హెంగారి పరీక్షకి పట్టుకెళ్ళాడు. షెడ్డులో కంటే ఎక్కువే ఉందని తేలింది. సోమవారం వాల్వు తిప్పలేదు. మా వీధికి మళ్ళీ పాత ఉప్పునీళ్ళే వదిలారు. సున్నం పోసిన పైపు బాగానే నిలబడుతోందని, కానీ తొందరపడనని అతను చెప్పాడు. లేచిన పెచ్చు మళ్ళీ కట్టేదాకా పొద్దుటి మొదటి నీళ్ళు పారబొయ్యాలని చర్చి ముందు మళ్ళీ అందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. అందరూ మళ్ళీ తలలూపారు. ఈసారి ఆ తలూపడం చూసి నాకు భయమేసింది.

పిల్ల మడమ గుచ్చి తీసిన రక్తం పరీక్షకి రాజధాని విండ్‌హుక్ వెళ్ళి వచ్చింది. పొద్దున్నే క్లినిక్‌కి రమ్మన్నారు. నర్సు మా వీధి చివరి ఇంటి పిల్లే.

"ఉండకూడనంత ఉంది మేమే," అంది. "మరీ ఎక్కువ కాదు. నీళ్ళు మారాయి కాబట్టి తగ్గుతుంది, మళ్ళీ రక్తం తీద్దాం."

"మెదడుకి?" అంది తైమి.

"నడిచి, మాటలు వచ్చి, కాస్త పెద్దదయ్యేదాకా ఎవరూ చెప్పలేరక్కా."

తైమి పిల్లని గట్టిగా పొదువుకుంది. నా ముఖం చూసి నర్సు గబగబా మూలనున్న పంపు దగ్గరికి వెళ్ళింది. టీ కెటిలు పంపు కింద పెట్టి నింపింది. దాన్ని పక్కకి తీసి, వేలితో ధార చూసి, గ్లాసు తొలిచి నింపి, మోకాలు వంచి రెండు చేతులతో నాకు ఇచ్చింది.

గ్లాసు తీసుకుని బెంచీ మీద పెట్టాను. లేచి వెళ్ళి ఆ కెటిలు నిండా ఉన్న నీళ్ళు సింకులో కుమ్మరించాను. బారుగా కూర్చున్న తల్లులందరూ అయ్యో అయ్యో అన్నారు. ముసలిదానికి మతిపోయిందని ఎవరో పైకే అన్నారు. పుట్టి బుద్ధెరిగాక నేను నీళ్ళు పారబొయ్యడం అదే మొదటిసారి.

తైమి ఇయాలోని చంకనేసుకుని వచ్చి నా పక్కన నిలబడింది. ఖాళీ కెటిలు నా చేతిలోంచి తీసుకుని, పంపు బార్లా తిప్పి వదిలేసింది. కెటిలు మాత్రం ధార కింద పెట్టలేదు.

"కట్టెయ్యమ్మా, నీళ్ళు పోతున్నాయి!" అంది వెనకనుంచి ఎవరో.

"ఇంకాస్త పోనీ," అంది తైమి.